ఆ బల్ల ఎక్కొద్దన్న మా అత్త

మా అత్త పోయింది. మలేషియాలోని ఇపోలో, మా ఇంట్లో, తన మంచం మీదే, పొద్దుటి కాఫీ వేళకి పోయింది. తాగడం ఎప్పుడో మానేసింది కానీ వాసన కోసమని కప్పు తలదగ్గర పెట్టమనేది. ఆ రోజు కప్పు పట్టుకుని వెళ్ళేసరికి ఊపిరి లేదు. బయట వాన. కాసేపు ఎవరినీ పిలవకుండా పక్కన కూర్చున్నాను.

తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో "అనారోగ్యంతో స్వర్గస్థులయ్యారు" అని వేశారు. చూడటానికి వచ్చినవాళ్ళు గుమ్మం ముందు చెప్పులు విడుస్తూ, గొంతు తగ్గించి, "ఏటి జబ్బు?" అని అడిగారు. మా ఆయన "వయసు" అన్నాడు. ఇంకెవరో "షుగర్" అన్నారు. మా అత్తకి షుగర్ ఏనాడూ లేదు. గ్లాసు కాఫీకి మూడు చెంచాల పంచదార వేసుకుని, ఇంకాస్త వెయ్యమనే మనిషి.

అందుకని ఇక్కడ నేనే రాస్తున్నాను. మా అత్త గర్భసంచి ముఖద్వారానికి వచ్చిన క్యాన్సర్‌తో పోయింది. ముందుగా చూపించుకుని ఉంటే ఇవాళ ఉండేదేమో. చూడటానికి ఒక చిన్న పరికరం ఉంది, స్పెక్యులమ్ అంటారు. ఆడమనిషి లోపలి దారిని రెండు రేకులతో కాస్త విడదీసి పట్టుకుంటుంది. దీపం వెలుతురులో డాక్టరు ఆ చివరనున్న ముఖద్వారాన్ని చూస్తుంది, చిన్న బ్రష్‌తో కాసిన్ని కణాలు తీస్తుంది. అంతకు మించి దాంట్లో ఏమీ లేదు. ఆ పరికరం అంటే మా అత్తకి జీవితమంతా భయం. ఆ భయాన్నే కన్నకూతురికీ పోసింది. పోసినదాన్ని చివర్లో వెనక్కి తీసుకోవాలని ఎంత పెనుగులాడిందో నేను చూశాను. ఇది రాయమన్నది కూడా ఆవిడే. "అడిగినోల్లకి సెప్పు పిల్లా. అడగనోల్లకీ సెప్పు," అంది.

నేను శ్రీకాకుళం వైపు పిల్లని. ఉద్యోగానికని కౌలాలంపూర్ వచ్చి, బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఒక గదిలో ఉంటూ, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగతన్ని చేసుకుని ఇపో చేరాను. మొదటిసారి కాళ్ళకి దండం పెట్టి "అత్తగారూ" అంటే, "గారేటి? నేనేటి దాతిన్‌నా?" అంది. దాతిన్ అంటే ఇక్కడ సర్కారు బిరుదున్న పెద్దమనిషి భార్య. ఆ రోజు నుంచీ అత్తా అనే పిలిచాను. ఆవిడ కూడా నన్ను ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు, చివరిదాకా "పిల్లా" అనే.

ఆవిడ తెలుగు మా ఊరి ముసలమ్మల తెలుగు. ఆవిడ ముత్తాతలు ఓడెక్కి వస్తూ పట్టుకొచ్చిన వచ్చినాను, సేసినాను, నేదు, ఎవులు, అన్నీ ఆవిడ నోట్లో అలాగే ఉన్నాయి. మా ఊళ్ళోనే ఆ మాటలు వినబడటం తగ్గిపోయాక, సముద్రం దాటి వచ్చి వాటిని విన్నాను. బజారులో తమిళం, ఆఫీసుల్లో మలయ్, నాతో తెలుగు. తిట్టాలంటే మాత్రం తమిళంలో తిట్టేది. బెంగ పడితే తెలుగులోకి దిగేది. ఇంట్లో తమిళంలో అరుపులు వినబడుతున్నంతసేపూ నాకు నిశ్చింతగా ఉండేది.

రబ్బరు తోటలో పుట్టి, పెళ్ళయ్యాక కూడా చాలా ఏళ్ళు రబ్బరు పాలు తీసిన మనిషి కావడంతో చీకటి ఉండగానే లేచి కూర్చునేది. కాఫీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేది, అది అయ్యేదాకా ఎవరూ పలకరించకూడదు. నా పప్పు రుచి చూసి, "మీ సీకాకులంలో ఉప్పు దొరకదా ఏటి?" అని అడగని రోజు లేదు. నేను ఇక్కడివాళ్ళ మిరపకాయల పచ్చడి, సాంబల్ చేస్తే, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా "కారం సాల్నేదులా" అనేది, ఇక్కడి అందరిలాగే చివర ఒక 'లా' తగిలించి. పోమెలో, అంటే పంపరపనస పండు తొక్క చిరగకుండా మొత్తం గిన్నెలా ఊడదీసి, తొనలు అందరికీ పంచి, తనకు మిగిల్చుకోవడం మరిచిపోయేది. మరిచిపోయినట్టు నటించేదని నాకు తర్వాత తెలిసింది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే స్నానం చేసి దేవుడి దగ్గర దీపం పెట్టడం మా అత్త పని. బయటున్న ఆడవాళ్ళు, అంటే నెలసరిలో ఉన్నవాళ్ళు, దీపం ముట్టరు, ఊరగాయ జాడీ ముట్టరు, శుక్రవారం గుడికి వెళ్ళరు. నేను మా ఊళ్ళో ఇవన్నీ వదిలేసి వచ్చినదాన్నే. కానీ ఆవిడతో వాదించడం కంటే ఆ రోజుల్లో జాడీకి దూరంగా ఉండటం సులువు. ఆవిడకి ఆగిపోయి చాలా ఏళ్ళయింది. కాబట్టి దీపం ఎప్పుడూ ఆవిడ చేతి కిందే ఉండేది, ఆ పని ఎవరికీ ఇచ్చేది కాదు.

ఒక రోజు పొద్దున్న, కాఫీ ఇంకా అవకముందే, "ఇక దీపం నువ్వెట్టు పిల్లా," అంది.

నాకు కడుపు నిండిపోయింది. మా వైపు కోడలికి దీపం అప్పగించడం అంటే ఇల్లు అప్పగించడమే. ఇన్నాళ్ళకి ఈవిడ నన్ను తన మనిషిగా ఒప్పుకుందని అనుకున్నాను. మా అమ్మకి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను. అమ్మ కూడా మురిసిపోయి, "అదృష్టవంతురాలివే" అంది. కొత్త ఇత్తడి కుందులు కొన్నాను. అత్త శుక్రవారం గుడికి రావడం మానేస్తే, మోకాళ్ళ నొప్పులంటే నమ్మాను. ఊరగాయ నన్నే తియ్యమంటే, పెత్తనమంతా నాకే వదిలేస్తోందనుకున్నాను. తన బట్టలు మెషీన్‌లో వెయ్యకుండా వెనక పెరట్లో చేత్తో ఉతుక్కుంటుంటే, తోట అలవాటులే అనుకున్నాను.

చాలా నెలలు అలాగే గడిచాయి. ఒక ఆదివారం చుట్టాలొచ్చారు. వాళ్ళని సాగనంపడానికి మా అత్త తెల్ల ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి, లేచినదల్లా మళ్ళీ చటుక్కున కూర్చుంది. కూర్చునే చుట్టాలకి చెయ్యి ఊపింది. వాళ్ళు వెళ్ళాక, "నా సారంగు ఒకటి పట్టుకురా," అంది. లుంగీలా చుట్టుకునే ఆ గుడ్డ తెచ్చేసరికి తెల్ల కుర్చీ మీద ఎర్రటి మరక చూశాను.

గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాను.

"ఎప్పట్నుంచి అత్తా?"

"దీపం నీకిచ్చినాను కదా, అప్పట్నించి."

ఆవిడ ఏదో చిన్న ముచ్చట చెబుతున్నట్టే ఉంది. "దేవుడు నన్ను మల్లీ ఈడు పిల్లని సేసినాడు పిల్లా. ఏటి సెయ్యమంటావు?"

"ఇన్నేళ్ళ తర్వాత కనబడితే డాక్టరుకి చెప్పాలి కదా!"

"డాక్టరుకి సెప్తే బల్ల ఎక్కమంటాడు." ఆవిడ సారంగు బిగించి కట్టుకుంది. "బయటున్నదాన్ని దీపం ముట్టకూడదు, ముట్టనేదు. గుడికెల్లకూడదు, ఎల్లనేదు. ఎవులికీ మైల తగల్నివ్వనేదు. ఇంకేటి తప్పు సేసినాను?"

తప్పేమీ చెయ్యలేదు. ఒక్క నియమం తప్పలేదు. ముట్లుడిగిన మనిషికి మళ్ళీ రక్తం కనబడితే అది నెలసరి కాదని, దానికి మైల పట్టింపు కాదు వైద్యం కావాలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఒకే ఇంట్లో ఉంటూ నేను కొత్త కుందులు తోముకుంటున్నాను. ఆ నెలల గురించి ఇప్పటికీ నాకు ఆవిడ మీద కోపం ఉంది. పోయినవాళ్ళ మీద కోపం ఉండకూడదంటారు. ఉంది మరి, ఏం చెయ్యను?

క్లినిక్‌కి ఊరికే రాలేదు. అన్నం మానేస్తానని రెండు రోజులు నేనే బెదిరించాల్సి వచ్చింది. గవర్నమెంటు క్లినిక్‌లో ఆడవాళ్ళ విభాగం ముందు బెంచీ మీద, మలయ్ ఆడవాళ్ళ మధ్య, చైనీస్ ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాం. మా తెలుగు అక్కడ ఎవరికీ అర్థం కాదు. ఆ ధైర్యంతో, తలుపు వైపే చూస్తూ మొదటిసారి చెప్పింది.

మా వదిన, అంటే మా అత్త కూతురు, పుట్టాక జ్వరం వచ్చిందట. తోట లారీలో ఎక్కించి పట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అక్కడ ఒక మగ డాక్టరు, చుట్టూ నేర్చుకోవడానికొచ్చిన కుర్రాళ్ళు. తెర సగమే లాగారు. ఒక్కరూ ఒక్క మాట చెప్పలేదు. కాళ్ళు ఎడంగా పెట్టించి కట్టారు.

"ఇనప సామానేదో గలగలమన్నాది. సల్లగా లోపలికొచ్చేసినాది. అదేటో నేను సూడనేదు, సూడనివ్వనేదు. కెవ్వుమన్నాను. ఒకడు తొడ మీద సరిసి 'దియమ్' అన్నాడు. నోరుముయ్ అని. మూసినాను పిల్లా. ఆ రోజు మూసిన నోరే."

ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. కానీ కూతురు పెద్దమనిషి అయిన రోజున చెప్పింది, పెళ్ళి చేసి పంపిన రోజున మళ్ళీ చెప్పింది, ప్రతి కాన్పు ముందూ చెప్పింది: "పాణం పోయినా ఆ బల్ల ఎక్కకు." మిగతా తల్లులు అత్తింట్లో ఎలా మసలుకోవాలో చెప్పి పంపుతారు. మా అత్త ఇది చెప్పి పంపింది. కూతురు కాన్పులు రెండూ ఆపరేషన్‌తో అయ్యాయి. తర్వాత పరీక్షకి రమ్మంటే ఒక్కసారీ వెళ్ళలేదు. తల్లి మాట జవదాటని పిల్ల అని చుట్టాల్లో వదినకి మంచి పేరు.

ఆ రోజు లోపల ఉన్న నర్సుకి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. నర్సుని ఇక్కడ మిస్సి అంటారు. తలకి గుడ్డ చుట్టుకున్న మలయ్ ఆవిడ, మా అత్త కంటే కాస్త చిన్నది. మా అత్త బల్ల దగ్గర నిలబడిపోయి ఎక్కనంటే, మిస్సి బతిమాలలేదు, గదమలేదు. ప్యాకెట్ చింపి, లోపలి వస్తువు తీసి మా అత్త చేతిలో పెట్టింది. "పట్టుకుని చూడండి ఆంటీ. తొందరేమీ లేదు," అంది మలయ్‌లో.

ప్లాస్టిక్‌ది. ఒకసారి వాడి పారేసేది. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పింది, పిడి నొక్కి రేకులు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

"బాతు మూతిలాగుందే," అంది నాతో.

నేను మలయ్‌లో చెబితే మిస్సి నవ్వింది. అందులో అన్నిటికంటే చిన్న సైజు ఇదేనని చెప్పింది. ఏది చేసినా ముందు చెబుతానంది. వద్దంటే ఆ క్షణంలోనే ఆపేస్తానంది. కావాలంటే మీరే పెట్టుకోవచ్చు, నేను చూస్తానంది. తెర గోడదాకా లాగింది. మా అత్త చాలాసేపు ఆ బల్లని చూసి, చివరికి నా భుజం పట్టుకుని ఎక్కింది.

మిస్సి మాట తప్పలేదు. ఇప్పుడు చెయ్యి తగులుతుంది అంది, తగిలింది. ఇప్పుడు కాస్త ఒత్తుతుంది అంది, ఒత్తింది. చైనీస్ డాక్టరమ్మ వచ్చి దీపం సరిచేసుకుని వంగి చూసింది. వచ్చినప్పటి నుంచీ నాతో సరదాగా మాట్లాడుతున్న ఆ డాక్టరు పిల్ల ఒక్కసారి మాటలు ఆపేసింది. లోపల ఏం కనబడిందో నాకు ఆ మొహంలోనే తెలిసిపోయింది.

అత్తకి తెలియలేదు. ఆవిడ లేచి కూర్చుని, కాళ్ళు కిందికి వేలాడేసి, "అయిపోనాదా?" అంది. అయిపోయిందన్నాను.

"ఇంతేనా?" అంది. "ఇంతేనా పిల్లా? దీనికా నేను..." అని ఆగి, వెక్కి వెక్కి ఏడ్చింది. నొప్పికేమోనని మిస్సి కంగారు పడింది. కాదని నేను చెప్పాను. ఆవిడ ఏడుపు భయంతో పోయిన ఏళ్ళ గురించి అని నాకు మలయ్‌లో చెప్పడం రాలేదు.

తర్వాతదంతా మీరు ఊహించగలరు. జబ్బు అప్పటికే పక్కలకి పాకింది. కిరణాల చికిత్స ఇచ్చారు, మందులిచ్చారు, జుట్టు పోయింది, ఒళ్ళు పోయింది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఇంట్లో ఎంత కడిగినా ఒక వాసన పోయేది కాదు. శుభ్రంలో తనకెవరూ సాటిరాని మనిషికి అదే అన్నిటికంటే పెద్ద శిక్ష అయింది. "కిటికీ తియ్యి పిల్లా, నీకు కంపు," అనేది. కిటికీ తీసే ఉండేది. సేతులు కాలినాక ఆకులు పట్టుకున్నాను అని తనమీద తనే నవ్వుకునేది.

తనకి ఇక నయం కాదని తెలిసిన రోజు నుంచీ ఆవిడ తన గురించి అడగడం మానేసింది. ఒకటే పట్టు: కూతురు పరీక్ష చేయించుకోవాలి. వదిన కౌలా సెలంగోర్‌లో ఉంటుంది, భర్తకి అక్కడ చిన్న కొట్టు. తమిళం ఎక్కువ మాట్లాడుతుంది. తెలుగు అంతా అర్థమవుతుంది కానీ నోటికి రావడం తక్కువ. తల్లి ఫోన్‌లో ఎంత చెప్పినా "వేండామ్మా, వద్దులా" అనేది.

ఈ మధ్య ఆ పరికరం లేకుండానే మొదటి పరీక్ష చేసుకునే వీలొచ్చింది. పొడుగాటి పుల్లకి దూది చుట్టి ఇస్తారు, గదిలో ఒక్కరే ఉండి లోపల తిప్పి తెచ్చివ్వడమే. ఆ మాట నేను చెబితే మా అత్త మొహం వెలిగింది. "బాతు మూతి అక్కర్నేదా? బల్ల ఎక్కక్కర్నేదా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. వదిన దానికి ఒప్పుకుంది. అక్కడి క్లినిక్‌లో చేసుకుని వచ్చి ఫోన్ చేసింది. ఆ రోజు మా అత్త చాలా రోజుల తర్వాత నన్ను తమిళంలో తిట్టింది, గంజిలో ఉప్పు లేదని.

ఆ సంతోషం కొన్నాళ్ళే. క్లినిక్ వాళ్ళు వదినకి ఫోన్ చేశారు. ఆ జబ్బుకి మూలమయ్యే వైరస్ కనబడింది, అంతమాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, కానీ స్పెక్యులమ్ పెట్టి చూసి కణాలు తియ్యాలి, రండి అన్నారు. వదిన ఏడుస్తూ తల్లికి చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. ఫోన్ స్పీకర్‌లో ఉంది.

"ఎల్లవే. నేను ఎక్కినాను కదా. ఏటీ నేదు," అంది తల్లి.

"నువ్వే కదమ్మా ఎక్కొద్దన్నావు," అంది కూతురు. తర్వాత క్లినిక్ నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తడం మానేసింది.

అప్పుడు మా అత్త నన్ను మిస్సి దగ్గరకి పంపింది. అలాంటిదే ఒకటి, వాడనిది, అడిగి తెమ్మంది. మిస్సి ఎందుకని అడిగి, విని, ఏమీ అనకుండా ఒక ప్యాకెట్ నా చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచీ అది మా అత్త దిండు పక్కనే ఉండేది.

ఇక్కడ రోగిని చూడటానికి వచ్చేవాళ్ళు బోర్నవిటా లాంటి మైలో డబ్బానో, నారింజపళ్ళో పట్టుకొస్తారు. మంచం పక్కన నిలబడి, మంచి మాటలు నాలుగు చెప్పి వెళ్ళిపోతారు. మా అత్త వాళ్ళని అలా వెళ్ళనిచ్చేది కాదు. మగవాళ్ళని హాల్లోకి పొమ్మని, ఆడవాళ్ళని కూర్చోబెట్టి, దిండు పక్కనుంచి అది తీసి, సన్నగా పుల్లల్లా అయిపోయిన వేళ్ళతో తెరిచి మూసి చూపించేది. "ఇది సూసినావా? ఇదే. దీన్ని సూసే నేను సచ్చిపోతున్నాను. సూడకుండా సచ్చిపోతున్నాను, అదీ." గుడి కమిటీ పెద్దాయన భార్య వచ్చినప్పుడు కూడా అంతే. ఆవిడ పట్టుచీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయ్యో, ఏటిది, దేవుడి పటం ముందు!" అంది.

"దేవుడు సెయ్యనిది ఇందులో ఏటుంది?" అంది మా అత్త. "నువ్వెప్పుడు ఎక్కినావు బల్ల?"

ఆవిడ నారింజపళ్ళు అక్కడే పెట్టి లేచింది. గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, నన్ను పక్కకి పిలిచి, ఆ మిస్సి ఏ రోజుల్లో ఉంటుందని అడిగింది. పక్కింటి తమిళావిడ అడిగింది. నా స్నేహితురాలు, హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద చదువుల పిల్ల, తానూ ఎప్పుడూ చేయించుకోలేదని సిగ్గుపడుతూ చెప్పి వెళ్ళి చేయించుకుంది. వచ్చిన ప్రతి ఆడమనిషీ కదిలింది. కదలనిది ఒక్క కూతురే.

వదిన చివరిసారి తల్లిని బతికుండగా చూడటానికి వచ్చిన రోజు నేను గదిలోనే ఉన్నాను. మా అత్తకి మాట సన్నబడిపోయింది. కూతురి చెయ్యి లాక్కుని ఆ ప్లాస్టిక్ దాన్ని అందులో పెట్టబోయింది. వదిన చెయ్యి పిడికిలి బిగించింది.

"ఇన్నాల్లు నా మాట ఇన్నావు కదే. ఇదీ నా మాటే," అంది మా అత్త.

వదిన ఏడుస్తూనే, నెమ్మదిగా, తనకి వచ్చిన తెలుగులో అంది: "అప్పుడు సెప్పింది మా అమ్మ. ఇప్పుడు సెప్పేది జబ్బు."

అంతకంటే కఠినమైన మాట నేను వినలేదు. వదిన చెడ్డది కాదు. తల్లి చిన్నప్పుడు నాటిన మాట, చచ్చిపోతున్న తల్లి మాట కంటే లోతుగా ఉంది, అంతే. మా అత్త ఆ వస్తువుని దుప్పటి మీద వదిలేసి గోడ వైపు తిరిగింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి చూపించలేదు. కాఫీ వాసన తప్ప ఇంకేదీ అడగలేదు. చివరి రోజుల్లో ఒకసారి మాత్రం, "దాన్ని నేనే కన్నాను, నేనే సంపుకుంటున్నాను పిల్లా," అంది. కాదని చెప్పాను. నమ్మలేదు. ఆ దిగులుతోనే పోయింది.

శవాన్ని కడగడం ఆడవాళ్ళ పని. కన్నకూతురు కాబట్టి ముందు నీళ్ళు పోయాల్సింది వదినే. గది తలుపు వేసి, ఇద్దరమే కడిగాం. నడుము కింద కట్టిన గుడ్డలు నేను విప్పబోతే వదిన నా చెయ్యి పక్కకి తోసి తానే విప్పింది. చూసింది. వాసనకి తల తిప్పుకోలేదు. గోరువెచ్చటి నీళ్ళు కావాలంది, తెచ్చిచ్చాను. పసిపిల్లకి పోసినట్టు చేత్తో అడ్డం పెట్టుకుని కొంచెం కొంచెంగా పోసింది. చాలాసేపు కడిగింది. బయటనుంచి మా ఆయన, వ్యాన్ వచ్చిందని రెండుసార్లు తలుపు కొట్టాడు. వదిన ఇంకో చెంబు నీళ్ళు ముంచింది.

పెద్దకర్మ అయిన మర్నాడు వంటింట్లో గిన్నెలు తుడుస్తూ, నా వైపు చూడకుండా, "ఆ మిస్సి దగ్గరే అయితే వస్తాను," అంది వదిన.

వెళ్ళాం. కణాలు తీసి చూసే ఆ పాప్ పరీక్ష అయింది. ఫలితం ఇది రాస్తున్న నాటికి ఇంకా రాలేదు. మంచిదే రావాలని కోరుకోండి. ఇదంతా రాయడానికి వదినని అడిగాను, రాయమంది.

మిస్సికి మా అత్త పోయిన సంగతి చెబితే, ఆవిడే వదిన చెయ్యి పట్టుకుని బల్ల దాకా నడిపించింది. తెర గోడదాకా లాగింది. నన్ను లోపలే ఉండమంది వదిన, తల వైపు నిలబడ్డాను. బల్ల మీద పరిచిన కాగితం ఆవిడ వణుకుకి చప్పుడు చేస్తోంది. మిస్సి ఇప్పుడు చెయ్యి తగులుతుంది అంది, ఇప్పుడు కాస్త ఒత్తుతుంది అంది. వదిన ఒక్కసారి "అమ్మా!" అని కేక పెట్టింది.

మిస్సి చప్పున చెయ్యి ఆపేసింది. "సాకిత్?" అని అడిగింది. నొప్పిగా ఉందా అని.

వదిన తల అడ్డంగా ఊపింది. కన్నీళ్ళు రెండు వైపులా చెవుల్లోకి కారుతున్నాయి. కళ్ళు పైకప్పు మీద ఉన్నాయి. మిస్సికి అర్థం కాని తెలుగులో, నాతో కాదు, మిస్సితో కాదు, అచ్చం తల్లి మాటల్లోనే అంది:

"నొప్పి నేదమ్మా."